హాలు మరమ్మతులో ఉంది

కుందలహళ్ళి అపార్టుమెంటులో భుజంగరావుగారిది ఒకటే గుణం: అడిగినవాళ్ళకి పర్మిషన్ ఇవ్వరు. బళేపేటలో ముప్పై ఏళ్ళు తాళాలమ్మిన మనిషికి అసోసియేషన్ తన వెబ్‌సైట్ అప్పగించింది. క్లబ్‌హౌస్ హాల్లో ఏ కార్యక్రమం పెట్టాలన్నా ఆ సైట్లోనే పెట్టాలి, పెట్టాలంటే అడ్మిన్‌గా ఆయన రోల్ ఇవ్వాలి. ప్రెసిడెంటు సుధీర్‌కి సైతం ఆయన దయచేసింది ‘వ్యూయర్’ రోల్. అంటే కళ్ళప్పగించి చూడొచ్చు, అంతే.

ఆదివారం నాలుగు నుంచి ఆరు దాకా హాల్లో అంత్యాక్షరి పెట్టాలని వరూధిని మూడు నెలలుగా కలలు కంటోంది. సైట్ తెరిస్తే ఆ గడిలో ప్రతివారం ‘హాలు మరమ్మతులో ఉంది’ అని ఎర్రగా కనిపిస్తుంది.

“అంకుల్, నాకు ఎడిటర్ రోల్ ఇవ్వండి. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్లో ఉన్నాను.”

“అందుకేనమ్మా భయం. నువ్వు చూసేది బాగా చూస్తా ఉండావు. ఇంకో ఆర్నెల్లు చూడు.”

“అసలేమిటండీ ఆ మరమ్మతు?”

“పైకప్పు కారతా ఉండాది.”

ఆదివారం ఆ రెండు గంటలే ఎందుకు కారుతుందని అడక్కుండా అపార్టుమెంటంతా నమ్మింది. నెత్తిన చుక్కలు పడ్డాయని ఇద్దరు ముగ్గురు సాక్ష్యం కూడా చెప్పారు. కమిటీ పంపిన ప్లంబర్ ఫయాజ్‌ని భుజంగరావుగారు గుమ్మంలోనే ఆపేశారు. “నీకూ చూసే పర్మిషనే అప్పా, చెయ్యి పెట్టొద్దు.” ఫయాజ్ అక్కణ్ణించే పైకి చూసి, తలాడించి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఆయనకి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు వారాలు స్క్రీన్ చూడొద్దన్నాడు డాక్టరు. ఆస్తి రాసిచ్చినంత బాధగా అడ్మిన్ రోల్ వరూధినికిచ్చారు. “డిలీట్ జోలికి పోవద్దమ్మా” అని నాలుగుసార్లు చెప్పారు.

ఆమె చెయ్యాలనుకున్నదే అది. కానీ కారే హాల్లో జనాన్ని కూర్చోబెడితే తిట్లు తనకే కదా అని, ఆదివారం నాలుగింటికి చూడ్డానికి వెళ్ళింది. హాల్లో ఎక్కడా తడి లేదు. హౌస్‌కీపింగ్ నాగలక్ష్మి చాక్‌పీసుతో బోర్డు దగ్గర నిలబడి ఉంది. మేస్త్రీ చెన్నయ్యా, ఇంకో పదిమంది పనివాళ్ళూ పలకలు పట్టుకుని నేలమీద కూర్చున్నారు.

నాగలక్ష్మి అడ్డమొచ్చింది. “సారు పర్మిషన్ ఉండాదా మేడం?”

“అడ్మిన్ నేనే. మీరేం చేస్తున్నారిక్కడ?”

“బస్సు మీద కన్నడం చదివేది నేర్చుకుంటా ఉండాము. ఊర్నించి వచ్చిన కొత్తలో మారతహళ్ళికి పోవాల్సినదాన్ని వర్తూరు చెరువుకాడ దిగి ఏడస్తా ఉంటి. సారు చూసి ఇంటికి తోడుకొచ్చినారు. ఆ వారం నుంచే పాఠం మొదలుపెట్టినారు. ఇప్పుడు సారుకి కంటి ఆపరేషన్ కదా, నాకు వచ్చినకాడికి నేను చెప్తా ఉండా. పనోళ్ళకి హాలు ఇచ్చేదానికి రూల్ లేదంట. అందుకే మరమ్మతని పెట్టినారు.”

అప్పుడే సుధీర్ ఫోన్ చేశాడు. “అడ్మిన్ మీరేనట! ఆ మరమ్మతు తీసిపారేయండి. వచ్చే ఆదివారమే అంత్యాక్షరి.”

పన్నెండుమందీ వరూధిని మొహమే చూస్తున్నారు. ఆమెకి సిగ్గేసింది.

“లేదండీ, ఇప్పుడే చూశాను. ఘోరంగా కారుతోంది. ఉగాది దాకా పడుతుంది.”

అన్నమాట ప్రకారం గడువు మార్చేసింది. ఆ సాయంత్రమే భుజంగరావుగారు ఫోన్ చేశారు. సైట్లో ఏముందో భార్య చేత చదివించుకున్నారట.

“ఉగాది దాకా పొడిగించింది నువ్వేనా?”

“నేనే అంకుల్.”

“ఆ రోల్ ఇంక నీ దగ్గరే ఉండనీ. వచ్చేవారం నా బదులు పాఠం చెప్పమ్మా.”

“నాకు కన్నడం చదవడం రాదంకుల్. పదిహేనేళ్ళుగా ఫోన్లో మ్యాపు చూసుకునే తిరుగుతున్నా.”

“అట్లనా? అయితే పలక తీసుకుని ఎనక వరసలో కూర్చో. నాగలక్ష్మి చెప్తాది.”