గరాజ్ గోడమీది చెయ్యి

మేము హామిల్టన్‌లో ఉంటాం. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో మావారు పార్కులో రాలిన నల్ల వాల్‌నట్ కాయలు బకెట్ నిండా ఏరుకొచ్చారు. వాటి పచ్చి తొక్కలు ఉడకబెట్టి సిరా చేస్తారట! గరాజ్‌లో కూర్చుని ఉత్త చేతులతో తొక్కలు వలుస్తుంటే, "గ్లోవ్స్ వేసుకోండి, మరకలవుతాయి" అన్నాను.

"కడిగితే పోతుందిలేవే" అని నవ్వారు. లేవబోతూ ఒక చేత్తో ఛాతీ పట్టుకుని, రెండో చెయ్యి గోడకు ఆనించారు. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

కర్మలన్నీ ముగిశాక గరాజ్ తలుపు తీసి కెవ్వుమన్నాను. తెల్లగోడ మీద ఐదు వేళ్లతో నల్లటి చెయ్యి! ఆ రోజు అక్కడ లేత పసుపు తడి తప్ప మరేమీ లేదు.

"ఇట్స్ ఓన్లీ ద వాల్‌నట్ జ్యూస్, అమ్మా. గాలి తగిలి డార్క్ అయింది" అంటూ మా అబ్బాయి పెయింట్ వేశాడు. తెల్లారేసరికి ఆ చెయ్యి పెయింట్‌లోంచి మళ్లీ పైకొచ్చింది. వాడు ఇంకో కోటు వేయబోతే వద్దన్నాను.

కారణం తెలిసినా అక్కడికి వెళితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయినా లైటు తీసేముందు గోడవైపు తిరిగి ఒక మాట చెబుతాను.

"ఆర్పేస్తున్నానండీ."