నేను ఒప్పుకోని వంతు

మా తోడల్లుడికి సంతకం చెయ్యడం రాదు. నేనేమో రాజమండ్రిలో ఎఫ్.ఏ. దాకా చదివి, పరీక్ష తప్పి, రామచంద్రపురం దగ్గర మా ఊరొచ్చి వ్యవసాయంలో పడినవాణ్ణి. అయినా మా చేలకి నీళ్ళొచ్చే బోదెకి పెద్దగా రైతులందరూ అతన్నే పెట్టుకున్నారు. కడుపు మండడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాలవ సర్కారుది. తూము దాటి చేలల్లోకి వచ్చే చిన్న బోదె మాత్రం మా పన్నెండుమంది రైతులది. గోదావరి మీద ఆనకట్ట కట్టి నీళ్ళిచ్చిన నాటి నుంచీ, తొలకరి వచ్చిందంటే ఆ గట్టు మీద తలలు పగిలేవి. బలమున్నవాడి ఆకుమడి తడిసేది, లేనివాడి నారు ఎండేది. కాలేజీలో మా పంతులుగారు సరిగ్గా ఇదే చెప్పారు. రాజూ చట్టమూ లేని రోజుల్లో ఎవడి బలం వాడిదేనట. ఆ భయం భరించలేక జనం ఒకచోట కూడి, నా చెయ్యి నేను కట్టుకుంటాను, నీ చెయ్యి నువ్వు కట్టుకో అని ఒప్పుకుని, పైన ఒక పెద్దను పెట్టుకున్నారట. “ఆ ఒప్పందం కాయితం మీద సంతకాలు ఎవరు పెట్టారండీ?” అని అడిగాను. “ఎవరూ పెట్టలేదు. అలా జరిగిందనుకోవాలంతే” అన్నారాయన.

గట్టు మీద నిలబడి ఇదంతా విడమర్చి చెప్పింది నేను. వంతులు పెట్టుకుందామన్నది నేను. అందరూ తలలూపారు. ఊపి, “పెద్దగా మీ తోడల్లుడుగారైతే బావుంటుందండి. ఎవరితోనూ తగువు లేని మనిషి” అన్నారు. మీ తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను. పైగా అతను, చివరి చేనుకి మొదటి వంతు, తన వంతు అందరి తరవాత అన్నాడు. దాంతో వాళ్ళ కళ్ళకి దేవుడైపోయాడు.

ఒప్పందం ఖాయం చెయ్యడానికి మాకొక పద్ధతి ఉండేది. ప్రతి రైతూ తన చేలోంచి ఒక మట్టిగడ్డ తెచ్చి బోదె అడ్డుకట్టలో వెయ్యాలి. వేశాక మాట తప్పితే భూదేవి మీద ఒట్టు తప్పినట్టే. నేను మా చేలోంచి తేలేదు. బండిదారి పక్కన ఒక గడ్డ ఏరుకొచ్చి వేశాను. ఎవరూ చూడలేదు. ఆ ఒట్టు నాకు తగలదన్నమాట! నా చదువు ఈ మాత్రానికైనా పనికొచ్చింది.

మూడేళ్ళు తగువుల్లేకుండా గడిచాయి. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి అతన్ని సలహా అడిగేవారు. మా ఇంట్లో మా ఆవిడే, మా చెల్లెలి మొగుడు అని చెప్పుకుని పొంగిపోయేది. నాలుగో తొలకరికి ఇక ఓర్చుకోలేకపోయాను. అతని వంతు రోజున, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, పార తీసుకెళ్ళి గట్టు తెంపి నీళ్ళు నా మడిలోకి తిప్పేశాను. ఆ రోజు నా మడికి నీళ్ళు అక్కర్లేదు. అతని పెద్దరికం నవ్వులపాలవ్వాలి, అంతే. మర్నాడు కాలవలోనే నీళ్ళు తగ్గాయి. మళ్ళీ వంతు వచ్చేలోపే, వారంలో అతని ఆకుమడి మొత్తం మాడిపోయింది. మళ్ళీ విత్తనం చల్లడానికి అదను దాటిపోయింది.

అందరూ గట్టు మీద చేరి, “ఎవరు తెంపారు?” అన్నారు.

“నేనే” అన్నాను. “ఆనాడు నేను వేసింది దారిమట్టి, మా చేనుది కాదు. మీ ఒప్పందంలో నేను లేను. ఏం చేస్తారు?”

మా తోడల్లుడు మెల్లిగా, “మరి మూడేళ్ళ నుంచీ మీ వంతు నీళ్ళు పెట్టుకుంటూనే ఉన్నారు కదండీ అన్నయ్యగారూ. అప్పుడెందుకు వద్దనలేదండీ?” అన్నాడు.

పదిమందీ పకపకా నవ్వారు. నా ఒళ్ళు భగ్గుమంది. నవ్వులాగాక వాళ్ళలో ఒక ముసలాయన, “లేనన్నారు కాబట్టి లేనట్టేనండి. ఇవాళ్టి నుంచి ఈ బోదెలో మీకు వంతు లేదు” అన్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పది రోజుల్లో నా నారు కొసలు ఎర్రబడ్డాయి. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ మడి మీదే ఉంది. వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

అప్పుడు అతనే మా గుమ్మంలోకి వచ్చాడు. “నా మడి ఎలాగూ పోయిందండి. నా వంతు మీకిస్తానంటే అందరూ సరేనన్నారు, పెట్టుకోండి. ఆకు తీశాక, మీ చేలో నాటగా మిగిలిన నారు తీసుకెళ్ళి నా చేలో ఊడ్చుకుంటాను. మీకిష్టమేనాండి?”

ఒక్క మాట తిట్టినా బావుండును, నేనూ తిట్టేవాణ్ణి. తిట్టలేదు. పాడు మర్యాద! “ఇష్టమే” అన్నాను.

ఆ ఏడు రెండు చేలూ పండాయి. మా గాదె నిండింది. ఏడాది పొడుగునా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. పిల్లలూ నేనూ తింటున్నది అతను పెట్టిన అన్నం.