ఓపికమ్మ రాసిన చిరునామా

ఆ టీవీ ఛానల్ ఆఫీసులో మూడో అంతస్తు చివర, జెరాక్స్ మెషిన్ పక్కన, ప్రేక్షకుల విభాగం అని ఒక ఇరుకు గది ఉంది. అందులో పందొమ్మిదేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్న ఆవిడను అందరూ ఓపికమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. తిట్టేవాళ్లను తిట్టినంతసేపూ తిట్టనిచ్చి, చివర్లో "ఇంకేమైనా ఉందాండీ?" అని అడగడం ఆవిడ పద్ధతి. ఆ మాటతో సగం మందికి కోపం నీరుగారిపోతుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. "మా ఆవిడ ఓపికంతా ఆఫీసులోనే అయిపోతుంది, ఇంటికొచ్చేసరికి అడుగూబొడుగూ కూడా మిగలదు" అని చుట్టాల దగ్గర నవ్వుతుంటాడు.

ఆ ఛానల్లో 'ముఖ్యాంశాలు' అనే సీరియల్ ఆరు నెలలు నడిచింది. ఒక న్యూస్‌రూమ్‌లో పనిచేసేవాళ్ల కథ. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ఒక సాయంత్రం వచ్చింది. అందులో నేరస్తుడి ఫోటో బదులు ఒక అమాయకుడి ఫోటో వార్తల్లో వేసేస్తారు. కథానాయిక, అంటే వార్తలు చదివే అమ్మాయి, కెమెరా ముందు క్షమాపణ చెప్పి కళ్లు తుడుచుకుంటుంది. ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. సమాప్తం.

మర్నాడు పొద్దున ఎనిమిదింటి నుంచి ఫోను ఊపిరి తీసుకోలేదు. ఏడ్చి ఏడ్చి మా అత్తగారికి తలనొప్పి వచ్చిందని ఒకావిడ. ఆ పిల్లకీ ఎడిటరుకీ పెళ్లి చేయకుండా ఎలా ఆపేస్తారు, మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా అని ఇంకొకావిడ. రిటైరైన మాస్టారు ఒకాయన, తెర కింద పరుగెత్తే అక్షరాల్లో తప్పులు ఏరి, వరసగా చదివి మరీ రాయించాడు. మధ్యలో ఒకసారి మేనేజరు తల లోపలికి పెట్టాడు. ముప్పై దాటని కుర్రాడు, మంచివాడే.

"అక్కా, పదకొండున్నరకి నాకు ఒక పేజీ రిపోర్టు కావాలి. పైన రెండో సీజన్ మీటింగు. మంచివి పైన పెట్టు, తిట్లు కింద పెట్టు. మరీ ఘాటుగా ఉంటే కాస్త నీళ్లు కలుపు" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పదింబావుకి ఒక మగ గొంతు వచ్చింది. నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ప్రతిధ్వనిస్తోంది.

"మేడమ్, నిన్నటి ఎపిసోడ్ మీద అభిప్రాయం చెప్పొచ్చాండీ?"

"చెప్పండి సార్, రాసుకుంటున్నాను."

"ఆ ఫోటోలో మనిషి ఏమయ్యాడో చూపించలేదు."

ఆవిడ రాసుకుంది. "ఇంకేమైనా ఉందాండీ?"

"ఉంది. ఇంటర్నెట్లో మీ ఛానల్ పేజీలో, ఆ ఎపిసోడ్ కింద, ఎవరో పాత వీడియో పెట్టారు. అది తీసేయండి. అందులో ఉన్నది నేనే."

ఆవిడ కంప్యూటర్లో ఛానల్ పేజీ తెరిచింది. నాలుగు వేల అభిప్రాయాలు. చూసుకుంటూ కిందికి వెళ్లింది. దొరికింది. మూలన తమ ఛానల్ పాత గుర్తు. గుర్తింపు కార్డు లోంచి తీసిన ఫోటో, గుబురు మీసం, ఎండకి చిట్లించినట్టున్న కళ్లు. పైన 'ఈ కథ నిజంగా జరిగింది, చూడండి' అని రాసుంది. కింద జనం తలా ఒక మాట విసురుతున్నారు. పాపం అని కొందరు. నిప్పు లేనిదే పొగ రాదని కొందరు. 'ఇప్పుడు వీడెక్కడున్నాడో ఎవరికైనా తెలుసా?' అని ఒకడు.

ఆ ముఖం ఆవిడకు తెలుసు.

పద్నాలుగేళ్ల కిందట ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోయారని వార్త వచ్చింది. పోలీసులు వెతుకుతున్నవాడి పేరూ ఈ మనిషి పేరూ ఒకటే. ఛానల్ ఈయన ఫోటో వేసింది, మూడు గంటలపాటు తిప్పితిప్పి చూపించింది. అప్పుడు ఇదే ఫోన్లో ఎవరో "వాడు మా వీధిలోనే ఉంటాడండీ" అని చిరునామా చెప్పారు. ఓపికమ్మ ఇంటి నంబరుతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పరుగున పైకి తీసుకెళ్లి ఇచ్చింది. శభాష్ అన్నారు. కెమెరా బండి వెళ్లింది, బండి వెనకాల జనం వెళ్లారు. ఆ ఇంటి తలుపు విరిగింది, ఆ మనిషి చెయ్యి విరిగింది. తర్వాత అసలువాడు దొరికాడు. మర్నాడు ఐదింటి వార్తల్లో పన్నెండు సెకన్ల సవరణ చదివి చేతులు దులుపుకున్నారు. ఓపికమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా అని ఉంటే బాగుండేదని ఆవిడకు ఎన్నోసార్లు అనిపించింది.

"మేడమ్, ఉన్నారా?" అన్నాడతను. "ఊరు మారాం. మీసం తీసేశాను. లిఫ్టులు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. అప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు, వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉంది, దానికేమీ తెలీదు. ఇప్పుడు కాలేజీలో ఉంది. దాని స్నేహితులంతా మీ సీరియలే చూస్తారు."

అతను మాట్లాడుతుండగానే తెర మీద కొత్త మాట పడింది. 'నాకు తెలుసు. వీడిప్పుడు లిఫ్ట్ మెకానిక్కు. మా అపార్ట్‌మెంటుకే వస్తాడు.' ఆ వెంటనే ఇంకొకటి: 'ఏ అపార్ట్‌మెంటు? పేరు చెప్పు, మేం చూసుకుంటాం.'

"తమ్ముడూ, ఇప్పుడెక్కడున్నారు?" ఆవిడ నోట సార్ అనే మాట రాలేదు.

"ఒక అపార్ట్‌మెంటు టెర్రస్ మీద, లిఫ్ట్ గదిలో."

"లోపల గడియ వేసుకోండి. ఫోన్ పెట్టకండి. నేను వచ్చేదాకా లైన్లోనే ఉండండి."

పేజీలోంచి ఏదైనా తీసేయాలంటే మేనేజరు వల్లే అవుతుంది. అతని సెల్ ఆపేసి ఉంది. ఆవిడ రిసీవరు బల్ల మీద పెట్టి, లిఫ్టు కోసం చూడకుండా, మోకాలు పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది. తలుపు కొట్టకుండానే మీటింగు గదిలోకి వెళ్లింది. బల్ల చుట్టూ ఛానల్ పెద్దాయన, సీరియల్ రచయిత, మేనేజరు, మరో నలుగురు.

"అక్కా, రిపోర్టు పదకొండున్నరకి కదా!"

ఆవిడ ఆయాసపడుతూనే సంగతి చెప్పింది. రచయిత ముఖం పాలిపోయింది. అతను కథ అల్లుకున్నది ఆ పాత వీడియో చూసే.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ వీడియో చూడ్డానికే పేజీకి ఇంతమంది వస్తున్నారని ఇప్పుడే అనుకున్నాం. తొందరపడొద్దమ్మా. మధ్యాహ్నం లాయరుతో మాట్లాడి చూద్దాం."

"మధ్యాహ్నానికి ఆ మనిషి మిగలాలి కదండీ!"

పందొమ్మిదేళ్లలో ఆవిడ గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"అప్పుడు ఆ ఇంటి నంబరు రాసి మీకు తెచ్చిచ్చింది నేనే. ఈ చేత్తోనే. నిజమో కాదో ఒక్క మాట కనుక్కోలేదు. ఇప్పుడు ఎవడో అపార్ట్‌మెంటు పేరు రాయబోతున్నాడు. రాసేది మన పేజీలోనే. ఇంకోసారి చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

"తీసేయండి" అన్నాడు రచయిత, ఎవరి ముఖమూ చూడకుండా. మేనేజరు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. మేనేజరు ఇక ఆగలేదు, జేబులోంచి సెల్ తీశాడు. అది వెలిగేదాకా గడిచిన అర నిమిషం ఓపికమ్మకు అరయుగంలా తోచింది.

"తీసేశానక్కా. దాని కింద రాసినవి కూడా పోయాయి. అపార్ట్‌మెంటు పేరు ఇంకా ఎవరూ రాయలేదు."

ఆవిడ కిందికి వచ్చి రిసీవరు ఎత్తింది. "తమ్ముడూ!" జవాబు లేదు. "తమ్ముడూ!" ధన్ ధన్‌మని ఏదో చప్పుడు. ఆ తర్వాత గుసగుసగా, "ఎవరో తలుపు బాదుతున్నారు మేడమ్."

ఓపికమ్మ రెండో ఫోనుతో పోలీసులకు చెప్పాలని చెయ్యి చాపింది. చప్పుడు ఆగింది. ఎవరో అరుస్తున్నారు, ఇతనేదో బదులిస్తున్నాడు. మళ్లీ లైన్లోకి వచ్చినప్పుడు అతని గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"వాచ్‌మనండీ. భయంలో నేను లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేశాను. నాలుగో ఫ్లోరు పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుని నా వంశాన్ని తిడుతోందట."

"ముందు ఆవిణ్ణి బయటికి తీయండి నాయనా" అంది ఓపికమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అంతటితో అయిపోలేదు. వీడియో తీసేసేలోపే కూతురు చూసేసింది. మూడింటికి అతను మళ్లీ ఫోన్ చేశాడు. "దానికి మీరే చెప్పండి. నేను చెబితే నన్ను నేను వెనకేసుకొస్తున్నాననుకుంటుంది."

ఫోన్ కూతురి చేతికి వెళ్లింది. ఓపికమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది, తన చేతిరాతతో సహా.

"ఆ అడ్రసు మీరే రాశారా ఆంటీ?"

"అవును తల్లీ."

"నాన్న చెయ్యి వంకర నిచ్చెన మీంచి పడితే వచ్చిందన్నారు నాకు" అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఓపికమ్మ ఆ రోజు ఇంకెవరినీ 'ఇంకేమైనా ఉందాండీ' అని అడగలేకపోయింది.

రిపోర్టులో అతని అభిప్రాయం మొదటి వరుసలో, నీళ్లు కలపకుండా వెళ్లింది. మేనేజరు దాన్ని అక్కడే ఉంచాడు. లాయరు మాట మీద ఆ వారం మూడు రోజులు సాయంత్రం ముఖ్య వార్తల్లో ఛానల్ పూర్తిగా ఒక నిమిషం పాటు క్షమాపణ చదివింది. రెండో సీజన్ అతని కథతో మొదలుపెడతానని రచయిత అనుమతి అడిగితే, "వద్దు" అన్నాడతను, అంతే.

శుక్రవారం, ఛానల్ రాసిస్తానన్న క్షమాపణ పత్రం తీసుకోవడానికి అతనే వచ్చాడు. ఓపికమ్మ కిందికి దిగింది. ఫోటోలోకన్నా సన్నగా ఉన్నాడు. పత్రం రెండుసార్లు చదివి, వేలితో ఒకచోట చూపించాడు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి, పైకి పరిగెత్తి, పక్కనే నిలబడి మళ్లీ టైపు చేయించి తెచ్చింది.

"నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు తమ్ముడూ" అంది.

"అడక్కండి మేడమ్. నేనింకా ఆలోచించుకోలేదు" అన్నాడతను. కోపంగా అనలేదు. పత్రాన్ని నలగకుండా పనిముట్ల సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. రోడ్డుకి అవతల స్కూటరు మీద ఒక అమ్మాయి ఎదురుచూస్తోంది. అతను పత్రం తీసి ఇస్తే, ఆ అమ్మాయి ఎండలో అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదవడం ఓపికమ్మ అద్దాల తలుపులోంచి చూస్తూ ఉండిపోయింది.