ఐదో సర్వరు వెనక గుండ్రటి మచ్చ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మనుషుల మీదే సరిగ్గా నమ్మకం కుదరని వాణ్ణి, ఇక దయ్యాల దాకా ఎక్కడ వెళ్తాను? పాలాయన నవ్వినా నీళ్లు కలిపాడేమోనని గిన్నెలోకి తొంగి చూస్తానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. అలాంటి నాకు జరిగింది కాబట్టే ఇది రాస్తున్నాను.

రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ సర్వర్లు చూసుకునే పని నాది. నాకు ముందు ఆ పని చేసిన సుబ్రమణ్యం గారు, నగరి మనిషి, గుండెపోటుతో పోయారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఏడాది తర్వాత ఆయన కుర్చీలో చేరాను, అంతే.

చేరగానే కరెంటు వాడకం తగ్గించమన్నారు. చూస్తే ఆరు సర్వర్లలోనూ ప్రాసెసర్లు పనున్నా లేకున్నా పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. ఉన్న పనికి సగం వేగం చాలు. అంతకు మించకుండా అన్నింటికీ కట్టడి పెట్టాను. వేడి తగ్గింది, ఏసీలకు శ్రమ తగ్గింది. గదిలో మోత కూడా తగ్గింది.

ఐదో సర్వరు ఒక్కటే మాట వినలేదు. రోజూ మధ్యాహ్నం పన్నెండుంపావుకు పూర్తి వేగం అందుకునేది, ఒంటిగంటకు దిగేది. ఆ సమయంలో దాని మీద ఏ పనీ నడవడం లేదు. నేను పెట్టిన కట్టడి పెట్టినట్టే ఉంది. ఎదురుగా కూర్చుని చూశాను. తెర మీద అంకెలు వాటంతట అవే పెరిగాయి, ఫ్యాన్లు హోరెత్తాయి. వెనక్కి వెళ్లి చెయ్యి పెడితే వేడిగాలి కొట్టింది. అక్కడున్న చిన్న బల్ల మీద గుండ్రటి మచ్చ ఒకటి కనిపించింది. ఎవరో నూనె డబ్బా పెట్టి ఉంటారనుకున్నాను.

ఎవరో దొంగచాటుగా సర్వరును సొంత పనికి వాడుకుంటున్నారని నా అనుమానం. నేను కాక ఆ గది తాళంచెవి ఉన్నది ఎలక్ట్రీషియన్ ఖలీల్ దగ్గరే. మూడు వారాల రికార్డులు తీశాను. ఆదివారం మరమ్మతుల కోసం సర్వర్లన్నీ ఆపేస్తాం. మిగతా రోజుల్లో ఐదోది కదలనిది ఒక్క శనివారమే. శనివారం ఖలీల్‌కు సెలవు.

దొరికాడనుకున్నాను. కాగితాలు పట్టుకెళ్లి మేనేజరు ముందు పెట్టాను. పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషిని, తాళంచెవి లాక్కుని పంపించేశారు. ఖలీల్ నా వైపు ఒకసారి చూసి, పనిముట్ల సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పన్నెండుంపావుకు ఐదో సర్వరు పూర్తి వేగం అందుకుంది. రెండు తాళంచెవులూ నా జేబులోనే ఉన్నాయి. బయటి నుంచి ఎవరైనా నడుపుతున్నారేమోనని మంగళవారం నెట్‌వర్క్ కేబుల్ పీకేసి చూశాను, అయినా ఆగలేదు. శనివారం వచ్చేసరికి మాత్రం కదల్లేదు. నాకు భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది.

ఆ సాయంత్రమే ఖలీల్ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"యా సర్వరు సార్?" అని మాత్రం అడిగాడు.

"ఐదోది. పన్నెండుంపావు నుంచి ఒంటిగంట దాకా."

ఖలీల్ కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు.

"సుబ్రమణ్యం సారు అన్నం క్యారియరు దాని ఎనకాల బల్ల మీదే పెడతా ఉండె సార్. పన్నెండుంపావుకి పెట్టి, ఒంటిగంటకి తీసుకునేవాడు. సల్లన్నం ముట్టేవాడు కాదు."

"మరి శనివారం?" అన్నాను.

"శనివారం ఆయనకి ఒక్కపొద్దు గదా, కొండదేవునికి. మద్దేనం ఏమీ తినడు, క్యారియరే తెచ్చేవాడు కాదు." మూలనున్న పనిముట్ల సంచి వైపు చూసి అన్నాడు: "నన్నొక మాట అడిగుంటే ఆ పొద్దే సెప్పుండేవాణ్ణి గదా సార్."

తప్పు నాదేనని మేనేజరుకు రాసిచ్చి ఖలీల్‌ను వెనక్కి పిలిపించాను. మరి చేసిందెవరని మేనేజరు అడిగాడు. తెలీదన్నాను.

ఐదో సర్వరుకు కట్టడి తీసేశాను. ఆ మచ్చ మీద ఖలీలూ, నేనూ ఏ వస్తువూ పెట్టం. నెలనెలా పంపే కరెంటు నివేదికలో ఐదో సర్వరుకు మినహాయింపు ఎందుకో రాయడానికి ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగానే పంపుతున్నాను. మళ్లీ ఇంకొకరి పేరు రాసే ధైర్యం నాకు లేదు.