ఒత్తిన ఇనుము ఎటు పోతుంది?

ఆ రోజుల్లో నాకు నా మీద ఉన్న నమ్మకం ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలు, లాలాగూడ దగ్గర ఒక రేకుల షెడ్డులో ఉద్యోగం, జేబులో కొలతలు తీసే వెర్నియర్. (నిద్రలో కూడా అది దిండు కిందే ఉండేదని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేది.) పెద్ద గేట్లకు బిగించే మందపాటి ఇనుప పలకలు మా సరుకు. స్క్రూ తల పైకి పొడుచుకు రాకుండా లోపలికి దిగి కూర్చోవాలంటే ప్రతి రంధ్రం పైభాగాన్నీ గరాటులా వెడల్పు చేయాలి. ప్రెస్సు కొట్టిన ఒక్కో రంధ్రాన్నీ డ్రిల్లు మీద పెట్టి ఆ పని చేసేది ఒకావిడ, షెడ్డంతటికీ డ్రిల్లక్క. నేనేమో మా ఓనరు దగ్గరికి వెళ్ళి, "గరాటు ఆకారం ఒత్తే డై చేయిస్తే ప్రెస్సు మీద ఒక్క దెబ్బకి నాలుగు గరాటులూ పడతాయండీ" అన్నాను. గుంటూరు నుంచి వచ్చి షెడ్డు పెట్టిన పెద్దాయన. "కుదిరితే డ్రిల్లు అమ్మేద్దామయ్యా. ఆ అమ్మాయిని వచ్చే నెల నుంచి మానిపించేద్దాం" అన్నాడు. నేను తలూపాను. ఇద్దరు పిల్లల తల్లి పొట్ట మీద కొడుతున్నానని తట్టనే లేదు. అలా ఎలా తలూపానో తలుచుకుంటే ఇప్పటికీ నిర్ఘాంతపోతాను.

డై వచ్చింది. డ్రిల్లక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తమ్మీ, డ్రిల్లుల అయితే ఇనుము పొట్టయి బయటికొస్తది. గిట్ల ఒత్తితే గా ఇనుము ఏడికి పోతది?"

"అదంతా లెక్కలో ఉందక్కా" అన్నాను. (లేదు.)

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త డైకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రెస్సు షురూ చేశాక, మొదటి పెట్టె నిండేదాకా ఆపకూడదు. ఆపితే అపశకునం. మొదటి పలక తీసి గరాటు పై వెడల్పు కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు! ఇక ధనాధన్ మూడు వందల పలకలు. పెద్దాయన లడ్డూలు పంచాడు. డ్రిల్లక్క ఒక చేత్తో లడ్డూ పట్టుకుని, రెండో చేత్తో పలకలో స్క్రూ పెట్టింది. దిగలేదు. ఇంకో పలకలో పెట్టింది. అందులోనూ దిగలేదు.

"ప్రభువా! హోలు మూసుకపోయింది తమ్మీ!"

నోట్లో లడ్డూ నోట్లోనే ఉండిపోయింది. ఒత్తిన ఇనుము వేరే దారి లేక రంధ్రంలోకే జరిగి దాన్ని ఇరుకు చేసేసింది. పన్నెండు వందల రంధ్రాలు, ఒక్కదాంట్లోనూ స్క్రూ పట్టదు! "ఏమయ్యా, స్క్రూలు కూడా నువ్వే సన్నగా చెక్కిస్తావా?" అని పెద్దాయన అరుస్తుంటే డ్రిల్లక్క పోయి డ్రిల్లు స్విచ్చి వేసింది. రెండు రోజులు నేను పలకలు అందిస్తుంటే ఆమె రంధ్రాలు మళ్ళీ తొలిచింది. ఉండబట్టలేక చెప్పేశాను, "అక్కా, ఈ డై కుదిరితే నిన్ను మానిపించాలని..."

"ఎరికే."

నాకు మళ్ళీ షాక్. "తెలిసీ నాకు సాయం చేస్తున్నావా?"

"పలకలు ఖరాబైతే నిన్ను సుత తీసేస్తడు. ఇద్దరం ఇంట్ల కూసుంటే ఏమొస్తది? జెర జల్ది అందియ్."

రంధ్రం ముందే కాస్త పెద్దదిగా కొడితే డై చక్కగా పనిచేస్తుందని అప్పటికే నాకు అర్థమైంది. అయినా పెద్దాయన ముందు నిలబడి, "మందపాటి పలక మీద ఇది కుదరదండీ" అన్నాను. "నీకు డిప్లొమా ఇచ్చిన మహానుభావుడెవరయ్యా!" అని ఆయన షెడ్డంతా వినబడేలా కడిగిపారేశాడు. తలూపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, నోరు మూసుకుని ఆ తిట్లన్నీ తిన్న కుర్రాడంటే మాత్రం నాకు ఇప్పటికీ ముద్దే.