మార్కులొచ్చినవాళ్ల బల్ల

డెబ్బైల మొదట్లో ఒకసారి చందానగర్‌లో బస్సెక్కి, ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. కూతురితో ఎక్కిన ఒకావిడ నా దగ్గరికొచ్చి, "జర లేస్తవా అక్కా, పిల్లను గీడ కూసోబెడ్త" అంది. కుడివైపు కిటికీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. విసుక్కుంటూనే లేచి అవతలి సీట్లోకి మారాను.

"కోపం జేయకు. దానికి కుడి చెవే ఇనవడ్తది. గీడ కూసుంటేనే నా మాట ఇంటది."

నేనూ టీచర్నే కనుక, "బడిలో చెప్పారా?" అని అడిగాను.

ఆవిడ అదే మాట కోసం కాచుకున్నట్టుంది. "ఇయ్యాల గూడ చెప్పొస్తున్న. ఎనుక బల్ల మీద కూసోబెట్టిండు సారు. ముందుకు తెమ్మంటే, ముందు బల్ల మార్కులొచ్చినోళ్లదంటడు. ఇనవడకనే మార్కులొస్తలేవు సారూ అంటే, మార్కులు రానీ, అప్పుడు ముందుకు తెస్త అంటడు. గసుంటాయనకు ఎట్ల చెప్పాలె అక్కా?"

మా బడిలోనూ పిల్లల్ని మార్కుల వరసనే కూర్చోబెట్టేవారు. కాసేపటికి వాళ్లు దిగిపోయారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్త తరగతి మొదటిరోజున గది వెనక నిలబడి ఒక్కొక్కరినీ మెల్లగా పేరుపెట్టి పిలిచేదాన్ని. తిరిగి చూడనివాళ్లను ముందు బల్ల మీదికి తెచ్చేదాన్ని.

ఏ హెడ్మాస్టరు వచ్చినా అదే ప్రశ్న. "మొద్దులందర్నీ ముందు కూర్చోబెట్టారేంటండీ?"

"మార్కులొచ్చాక వెనక్కి పంపుతానండీ" అనేదాన్ని.