సత్తయ్యకు ఎవరూ చెప్పని మాట

జూన్ నెలలో, వానలో, ఎల్‌బీనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీలో చేరాను. అంతకుముందు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. మూడో అంతస్తు. ఆరు మంచాలు. రోడ్డు వైపు కిటికీలు. ఇక వైద్యం పనిచేయని వాళ్లను అక్కడ ఉంచేవారు. హెడ్ సిస్టర్‌ది గుంటూరు. రాగానే ఆర్డరు ఇచ్చింది: "నొప్పి లేకుండా చూడండి. అబద్ధం చెప్పకండి. అంతే."

మొదటిది చేతనయింది. రెండోది బంధువులు సాగనిస్తేగా!

కిటికీ పక్క మంచం సత్తయ్యది. పోచంపల్లి దగ్గర మగ్గం నేసిన మనిషి. లివర్ క్యాన్సర్. కొడుక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. రోజూ జావ తెచ్చి, మూసుకున్న పెదవుల మధ్య చెంచా తోసేవాడు.

"తిను నాయినా, సోమవారం ఇంటికి పోదాం."

ఎన్ని సోమవారాలు విన్నానో! ముసలాయన మింగలేక దగ్గేవాడు. వద్దని చెప్పేవాణ్ణి. మళ్లీ చెంచా.

కొడుకు కిందికి దిగగానే సత్తయ్య నా చెయ్యి పట్టుకునేవాడు. "సారూ, నేను పోతున్న. నాకెరుకే. జర మా తమ్ముణ్ని పిలిపియ్యి."

కొడుకుని అడిగాను.

"చిన్నాయిన ఒస్తే ఏడుస్తడు సార్. నాయినకు సంగతి ఎరుకైతది."

"ఆయనకు నీకంటే ముందే ఎరుకయ్యా!"

"మెల్లగ మాట్లాడు సార్, ఇంటడు."

ఒళ్లు మండిపోయింది. సరిహద్దులో గాయపడ్డవాళ్లను మోశాను. అక్కడ కూడా ఎవరూ ఇంత మొండిగా దారికి అడ్డం నిలబడలేదు. సిస్టర్‌తో చెప్పాను.

"పోయేవాళ్లకి తెలుస్తుందండీ," అంది ఆవిడ. "మనం నటిస్తుంటే, మన కోసం వాళ్లూ నటిస్తారు. ఇన్నేళ్లలో నేను నేర్చుకుంది అదే. పదండి."

నేరుగా కొడుకు దగ్గరికి వెళ్లింది. "మీ నాన్నగారు తమ్ముణ్ణి అడుగుతున్నారు. మీరు ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

అతను చేతిలోని చెంచా పక్కన పెట్టాడు. తర్వాత ఫోన్ తీశాడు.

మధ్యాహ్నానికి తమ్ముడు తడుస్తూ వచ్చాడు. ఏడవలేదు. అన్న పక్కన మంచం మీదే కూర్చున్నాడు.

"నేను పోతున్న తమ్మీ," అన్నాడు సత్తయ్య.

"ఎరుకే అన్నా. నేనున్న."

అంతే. ఆ రెండు మాటల కోసం మేమంతా అన్ని రోజులు కొట్టుకున్నాం! కొడుకు అప్పుడు తండ్రి కాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. సత్తయ్య చెయ్యి చాచి, ఆ తల నిమిరాడు.

మర్నాడు పొద్దున పోయాడు. నేను డ్యూటీ దిగి అబ్దుల్లాపూర్‌మెట్ బస్సెక్కాను. ఇంట్లో అన్నం పెట్టి, ఏమైందని అడిగింది నా భార్య. కంచం పక్కకు జరిపాను.

ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే. ఆ మధ్యాహ్నం తమ్ముడు తన కళ్లద్దాలు తీసి, వాన నీళ్లు తుడిచి, చూపు ఆనని అన్నకు పెట్టాడు. ఎండిపోయిన ఆ ముఖం మీద అవి నిలవడం లేదు. సత్తయ్య ఒక వేలితో వాటిని ఆపి పట్టుకుని, తమ్ముడి ముఖాన్ని తీరిగ్గా చూస్తున్నాడు.